పేరు చెప్పని ఆగంతకుడు, పేరు లేని సమాధి

కౌబాయ్ సినిమాల్లో తరతరాలుగా చెలామణీ అవుతున్న కథ ఒకటుంది. ఎక్కడి నుంచి వచ్చాడో తెలియని మనిషి ఒకడు గుర్రం మీద ఒక ఊళ్లోకి ప్రవేశిస్తాడు. ఊరివాళ్లు మొదట అతడి తుపాకీని చూసి భయపడతారు, ఆ తర్వాత ఆ తుపాకీతోనే తమకు అవసరం ఉందని గ్రహిస్తారు. పని ముగిశాక అతడు వెళ్లిపోతాడు. ఇంత చిన్న కథను ప్రపంచమంతటా ప్రేక్షకులు ఇన్నిసార్లు ఎందుకు చూశారని అడిగితే సాధారణంగా వినిపించే సమాధానాలు కొన్ని ఉన్నాయి: కథానాయకుడు తుపాకీ తీసే వేగం, అతడి పొదుపైన మాటలు, పళ్ల మధ్య చుట్ట, ఎండకు చికిలించిన కళ్లు. ఇవన్నీ నిజమే గాని, ఒక మంచి సినిమాను పదేపదే చూడాలనిపించడానికి ఇవి చాలవు. 1973లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తానే నటించి దర్శకత్వం వహించిన ‘హై ప్లెయిన్స్ డ్రిఫ్టర్’ను జాగ్రత్తగా చూస్తే అసలు కారణం తెలుస్తుంది. ఆగంతకుడి గురించి మనకు ఏమీ చెప్పకపోవడం వల్ల మన దృష్టి క్రమంగా అతడి మీది నుంచి ఊరి మీదికి మళ్లుతుంది. ఇతడెవరన్న ప్రశ్నతో సినిమా చూడడం మొదలుపెట్టిన ప్రేక్షకుడు, ఈ ఊరు ఏం చేసిందన్న ప్రశ్న దగ్గరికి చేరుకుంటాడు.

ఈ పాత్ర ఒక్కసారిగా పుట్టింది కాదు. 1953లో జార్జ్ స్టీవెన్స్ తీసిన ‘షేన్’లో వచ్చే ఆగంతకుడు కూడా తన గతం చెప్పడు, కానీ అతడికి ఒక పేరుంది, రైతు కుటుంబం పట్ల ఆపేక్ష ఉంది, అతడిని ఆరాధించే ఒక పిల్లవాడున్నాడు. 1961లో జపాన్‌లో అకిరా కురొసావా తీసిన ‘యొజింబో’లో యజమాని లేని సమురాయ్ ఒకడు రెండు ముఠాలు పంచుకున్న ఊరికి వచ్చి, కిటికీలోంచి కనిపించిన మల్బరీ తోటను చూసి అప్పటికప్పుడు ఒక పేరు కల్పించుకుంటాడు. ఆ కథనే సెర్జియో లియోనీ 1964లో అనుమతి లేకుండా ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’గా తీసి, ఆ తర్వాత కురొసావా వర్గానికి పరిహారం చెల్లించవలసి వచ్చింది. స్పెయిన్‌లో చిత్రీకరించిన ఆ ఇటాలియన్ సినిమాతోనే, అప్పటిదాకా అమెరికన్ టెలివిజన్‌లో ‘రాహైడ్’ ధారావాహికలో నటిస్తూ వచ్చిన ఈస్ట్‌వుడ్‌కు కొత్త జీవితం మొదలైంది. స్క్రిప్టులో తన పాత్రకు ఉన్న సంభాషణల్లో చాలా భాగాన్ని తానే పట్టుబట్టి తీసివేయించానని ఆయన తర్వాతి కాలంలో చెప్పాడు. ఈస్ట్‌వుడ్‌తో లియోనీ తీసిన మూడు సినిమాల్లోనూ ఆయన పాత్రను ఎవరో ఒకరు ఏదో ఒక పేరుతో పిలుస్తూనే ఉంటారు. ‘పేరులేని మనిషి’ అన్నది 1967లో అమెరికాలో వాటిని విడుదల చేసిన సంస్థ ప్రచారం కోసం తగిలించిన బిరుదు. అంటే, అప్పటికి పేరు లేకపోవడం ఒక అలంకారం మాత్రమే. దానికి కథలో ఒక కారణాన్ని కల్పించినది ‘హై ప్లెయిన్స్ డ్రిఫ్టర్’. ఈ రకం సినిమాల్లో దీనికి ప్రత్యేక స్థానం దక్కవలసినది అందువల్లనే.

సినిమా ప్రారంభం చూడండి. ఎండమావి కదలాడుతున్న దూరపు మైదానంలో మొదట ఏమీ ఉండదు; ఆ వేడిగాలి పొరల్లోంచే ఒక గుర్రపు రౌతు ఆకారం నెమ్మదిగా తేరుకుంటుంది. అతడు కొండవాలు దిగి, సరస్సు ఒడ్డున ఉన్న లాగో అనే చిన్న గనుల ఊళ్లోకి ప్రవేశిస్తాడు. కొన్ని నిమిషాల పాటు ఒక్క మాట కూడా వినిపించదు. గుర్రపు డెక్కల చప్పుడు, గాలి హోరు, అంతే. శవపేటికలు చేసేవాడు పని ఆపి చూస్తాడు, కిటికీల వెనక ముఖాలు కదులుతాయి, వరండాల్లో నిలబడ్డవాళ్ల తలలు అతడి వెంటే తిరుగుతాయి. అంత నిశ్శబ్దంలో ఒక బండివాడు తన గుర్రాలను అదిలించడానికి కొరడా ఝుళిపిస్తాడు. ఆ చప్పుడుకు ఆగంతకుడు ఉలిక్కిపడి వెనక్కి తిరుగుతాడు. సినిమా మొత్తంలో ఈ మనిషి ఉలిక్కిపడే సందర్భం ఇదొక్కటే. తర్వాత ముగ్గురు తుపాకీ మనుషులు కయ్యానికి దిగినా, స్నానం చేస్తున్నప్పుడు ఒక స్త్రీ దగ్గరి నుంచి కాల్చినా అతడు బెదరడు. తుపాకులకు చలించనివాడు కొరడా చప్పుడుకు ఎందుకు బెదిరాడో మొదటిసారి చూసేవారికి అర్థం కాదు. ఆ ఉలికిపాటులోనే కథంతా ఉందని తెలిసేది చాలాసేపటి తర్వాత. మాటల్లో చెప్పకుండా ఇంత ముఖ్యమైన విషయాన్ని ప్రేక్షకుడి చేతిలో పెట్టి, దాన్ని గుర్తుపట్టే బాధ్యతను అతడికే వదిలేయడం ఈ సినిమాలోని గొప్ప లక్షణం.

ఊళ్లో అడుగుపెట్టిన కాసేపటికే ఆగంతకుడు మంగలి కుర్చీలో కూర్చుని, మెడ చుట్టూ కప్పిన గుడ్డ చాటు నుంచే తుపాకీ పేల్చి ముగ్గురిని చంపుతాడు. ఆ ముగ్గురూ గని యాజమాన్యం ఊరి రక్షణ కోసం జీతమిచ్చి పెట్టుకున్న మనుషులు. ఊరికి రక్షణ ఎందుకు కావలసి వచ్చిందో అప్పుడు క్రమంగా బయటపడుతుంది. స్టేసీ బ్రిడ్జెస్ అనే కిరాయి హంతకుడు, అతడి అనుచరులైన కార్లిన్ సోదరులు జైలు నుంచి విడుదలవుతున్నారు. వాళ్లు నేరుగా లాగోకే వస్తారు. ఒకప్పుడు ఈ ఊరి మార్షల్, అంటే శాంతిభద్రతల అధికారి, జిమ్ డంకన్‌ను ఆ ముగ్గురే నడివీధిలో కొరడాలతో కొట్టి చంపారు. ఊరి జీవనాధారమైన గని ప్రభుత్వ భూమిలో ఉందని డంకన్ కనిపెట్టాడు. ఆ మాట బయటికి పొక్కితే గని మూతపడుతుంది. అందుకే గని యాజమాన్యం హంతకులను పిలిపించింది, ఊరు ఊరంతా చీకట్లో నిలబడి చూసింది. ఆ తర్వాత హంతకుల బెడద కూడా వదిలించుకోవడానికి ఊరి పెద్దలే వాళ్ల మీద బంగారం దొంగతనం నేరం మోపి జైలుకు పంపారు. ఒక నేరాన్ని కప్పిపుచ్చడానికి మరో నేరం, దానివల్ల పుట్టిన భయాన్ని పోగొట్టుకోవడానికి మరో తుపాకీ: లాగో చరిత్ర ఇదే.

ఈ గతాన్ని ఈస్ట్‌వుడ్ రెండుసార్లు చూపిస్తాడు, రెండూ ఒకేలా ఉండవు. మొదటిసారి అది హోటల్ గదిలో నిద్రపోతున్న ఆగంతకుడికి కలగా వస్తుంది: నేల మీద పడ్డవాడి కళ్లతో చూసినట్టు, చుట్టూ నిలబడ్డ ముఖాలు మసక వెలుతురులో సగం సగం కనిపిస్తాయి. రెండోసారి అది మోర్దెకాయ్ అనే మరుగుజ్జు జ్ఞాపకం. ఆ రాత్రి అతడు ఒక కట్టడం కింద దాక్కుని, చేతకానితనంతో ఏడుస్తూ చూశాడు. ఊరివాడైన మోర్దెకాయ్‌కి ఆ రాత్రి గుర్తుండడంలో వింత లేదు. అక్కడ లేని పరాయివాడికి అదే దృశ్యం కలలోకి ఎలా వచ్చిందన్నదే ప్రశ్న. సినిమా ఆ ప్రశ్నను పైకి అడగదు. మార్షల్ పాత్రను పోషించినది ఈస్ట్‌వుడ్‌కు చాలాకాలం సాహస దృశ్యాల్లో డూపుగా పనిచేసిన బడ్డీ వాన్ హార్న్. ఒడ్డూ పొడుగూ పోలిక ఉన్న మనిషి కావడం వల్ల చీకట్లో చూసినప్పుడు ఇద్దరూ ఒకరేనా అన్న అనుమానం కలుగుతుంది, నిర్ధారణ మాత్రం దొరకదు. ఆ రెంటి నడుమ ఉన్న సన్నని ఎడాన్ని దర్శకుడు చివరిదాకా కాపాడాడు.

తమను కాపాడితే ఏది కావాలన్నా ఉచితంగా ఇస్తామని ఊరి పెద్దలు మాట ఇచ్చిన క్షణం నుంచి సినిమా కొత్త దారి పడుతుంది. తుపాకీ కంటే ప్రమాదకరమైన ఆయుధం ఆ మాటతో అతడి చేతికి వచ్చింది. కిరాణా దుకాణంలో అప్పటిదాకా చీదరింపులకు గురవుతున్న ఒక స్థానిక తెగ వృద్ధుడికి దుప్పట్లు, అతడి వెంట ఉన్న పిల్లలకు మిఠాయిలు ఇప్పిస్తాడు. ఊరంతా ఆటపట్టించే మోర్దెకాయ్‌ని షెరీఫ్‌గానూ మేయర్‌గానూ ఒకేసారి నియమిస్తాడు. హోటల్‌లో ఉన్న బసగాళ్లందరినీ ఖాళీ చేయిస్తాడు. వీధిన పడ్డవాళ్ల తరఫున ఊరి పాస్టర్ వచ్చి ఇది అన్యాయమని మందలించినప్పుడు, అయితే వాళ్లను మీ ఇళ్లలో ఉంచుకుంటారా అని ఆగంతకుడు అడుగుతాడు. పాస్టర్ వెంటనే వాళ్ల వైపు తిరిగి, మా ఇళ్ల తలుపులు మీ కోసం తెరిచే ఉంటాయి, హోటల్ ధర కంటే ఒక్క పైసా ఎక్కువ తీసుకోము అని అభయమిస్తాడు. డబ్బు, మతం, మర్యాద ఈ ఊళ్లో ఎలా అల్లుకుపోయాయో చెప్పడానికి ఆ ఒక్క మాట చాలు. ఆగంతకుడు ఎవరికీ ఉపన్యాసం ఇవ్వడు. అడగవలసినవి అడుగుతూ పోతాడు, ఊరివాళ్లు తమ అసలు రూపాన్ని తామే బయటపెట్టుకుంటారు.

ఆ తర్వాత వచ్చేది సినిమా చరిత్రలో మరిచిపోలేని దృశ్యాల్లో ఒకటి. ఊళ్లోని ప్రతి కట్టడానికీ, చర్చితో సహా, ఎర్రరంగు పూయమని అతడు ఆజ్ఞాపిస్తాడు. వీధిలో విందు బల్లలు వేయిస్తాడు, హంతకులకు స్వాగతం పలికే బ్యానరు కట్టిస్తాడు. ఊరి పొలిమేరలో ఉన్న పలక మీద లాగో అన్న పేరును తానే ఎర్రరంగుతో కొట్టివేసి నరకం అని రాస్తాడు. కొరడా దెబ్బల కింద చనిపోతూ డంకన్ ఊరందరినీ నరకానికి పొమ్మని శపించాడని గుర్తున్నవారికి ఇది వింత మనిషి విపరీత చేష్టగా అనిపించదు, శాపం అక్షరాలా అమలవుతున్నట్టు కనిపిస్తుంది. నీలి సరస్సు పక్కన, బూడిద రంగు నేల మీద, నెత్తుటి రంగులో నిలిచిన ఆ ఊరిని ఛాయాగ్రాహకుడు బ్రూస్ సర్టీస్ కఠినమైన ఎండలో చిత్రీకరించాడు. సంగీత దర్శకుడు డీ బార్టన్ సమకూర్చిన వింత స్వరాలు కౌబాయ్ సినిమాకంటే దెయ్యాల సినిమాకు దగ్గరగా ఉంటాయి.

ఆ స్థలం గురించి కొంత చెప్పాలి. చిత్రీకరణ కాలిఫోర్నియాలో, సియెర్రా నెవాడా పర్వతాలకు తూర్పున ఉన్న మోనో సరస్సు ఒడ్డున జరిగింది. ఆ సరస్సులోకి నీళ్లు వస్తాయి గాని బయటికి పోయే దారి లేదు. అందువల్ల సముద్రం కంటే ఎక్కువ ఉప్పుతో, క్షారంతో, చేపలు బతకని నీటిగుంటగా మారింది. దానికి నీళ్లు తెచ్చే ఏళ్లను 1941 నుంచి లాస్ ఏంజెలెస్ నగరం మళ్లించుకోవడంతో మట్టం తగ్గి, నీటి అడుగున ఏర్పడిన సున్నపురాతి స్తంభాలు పైకి తేలాయి. అక్కడికి ఉత్తరాన కొద్ది దూరంలోనే బోడీ ఉంది. 1870ల చివర బంగారం కోసం వేల మంది తరలివచ్చి, బంగారం తరిగిపోగానే వదిలి వెళ్లిన నిజమైన గనుల ఊరు, ఇప్పుడు పాడుబడిన ఇళ్లతో చారిత్రక స్థలంగా మిగిలింది. కళాదర్శకుడు హెన్రీ బమ్‌స్టెడ్ లాగోను స్టూడియోలో కాక ఆ సరస్సు ఒడ్డునే, ముందు గోడలతో సరిపెట్టకుండా లోపలి గదులతో సహా కట్టించాడు. అందుకే కిటికీలోంచి చూసినా, తలుపు తీసినా ఆ నిర్జీవమైన నీలి నీరు కనిపిస్తూనే ఉంటుంది. ఊరివాళ్లకు పారిపోయే చోటు లేదన్న భావన సంభాషణల కంటే ఆ సరస్సు వల్లే ఎక్కువగా కలుగుతుంది.

ఇక ఈ సినిమా ఆకర్షణకు కేంద్రమైన విషయం సమాధి. డంకన్‌ను ఊరివాళ్లు పేరు చెక్కిన రాయి లేకుండానే పూడ్చిపెట్టారు. హోటల్ యజమాని భార్య సారా, ఊరంతటిలో ఆ రాత్రి మార్షల్‌ను కాపాడడానికి ముందుకు కదలబోయిన ఒకే ఒక మనిషి, ఆగంతకుడితో ఒక మాట అంటుంది: గుర్తు లేని సమాధిలో ఉన్నవారికి శాంతి ఉండదంటారు. ఈ ఊరు కొత్తవాళ్లంటే భయపడడానికి ఆ చనిపోయినవాడే కారణమని కూడా ఆమే చెబుతుంది. నీవు మనుషులను భయపెడుతున్నావని ఆమె హెచ్చరించినప్పుడు అతడిచ్చే సమాధానం, ఎవరి లోపల ఏముందో వారికి తెలుసు కాబట్టే భయపడుతున్నారని. కర్మకాండ జరగని ఆత్మ ఊరి చుట్టూ తిరుగుతుందన్న నమ్మకంతో పెరిగిన తెలుగు పాఠకుడికి ఈ భావం కొత్తది కాదు. ఆగంతకుడికి పేరు లేకపోవడం, సమాధి మీద పేరు లేకపోవడం వేర్వేరు విషయాలు కావు. ఊరు ఒక మనిషి పేరును తుడిచివేసింది. ఆ ఖాళీయే మనిషి రూపంలో గుర్రమెక్కి తిరిగి వచ్చింది.

ఎర్నెస్ట్ టిడిమన్ రాసిన మొదటి స్క్రిప్టులో ఆగంతకుడు మార్షల్ సోదరుడని స్పష్టంగా ఉండేదని, ఆ వివరాన్ని తాను తీసివేశానని ఈస్ట్‌వుడ్ చెప్పాడు. ఈ ఒక్క నిర్ణయమే సినిమాను నిలబెట్టింది. తమ్ముడు అన్న పగ తీర్చుకునే కథలు వేలల్లో ఉన్నాయి. వాటిలో న్యాయం ఒక కుటుంబ వ్యవహారం, ఊరివాళ్ల నేరం కేవలం నేపథ్యం. సోదరుడన్న వివరం పోగానే ఆగంతకుడు ఎవరైనా కావచ్చు: దెయ్యం, దేవదూత, సైతాను, లేదా ఊరివాళ్ల మనస్సాక్షి. చివరి రాత్రి హంతకులు వచ్చే సమయానికి అతడు కావాలనే ఊరు విడిచి వెళ్లిపోతాడు. తుపాకులు కాల్చడం నేర్పించుకున్న ఊరివాళ్లు ఒక్క నిమిషం కూడా నిలబడలేకపోతారు, ఇళ్లు తగలబడతాయి. అప్పుడు మంటల వెలుతురులోకి కొరడాతో తిరిగివచ్చి ఒకడిని అదే వీధిలో కొరడాతో కొట్టి చంపుతాడు, రెండోవాడిని కొరడాతోనే ఉరి బిగిస్తాడు, స్టేసీ ఒక్కడిని తుపాకీతో ఎదుర్కొంటాడు. చస్తూ స్టేసీ అడిగేది ఒక్కటే, నువ్వెవరని. అదే రాత్రి, ఆగంతకుడిని వెనక నుంచి కాల్చబోయిన హోటల్ యజమానిని మోర్దెకాయ్ కాల్చి చంపుతాడు. అప్పుడు దాక్కుని చూసినవాడు ఇప్పుడు దాక్కోలేదు. మర్నాడు మోర్దెకాయ్ సమాధికి పేరు చెక్కుతూ, నీ పేరు నాకు తెలియనే తెలియదని ఆగంతకుడితో అంటాడు. తెలుసులే అని జవాబు వస్తుంది. చెక్కుతున్నది డంకన్ పేరు.

ఈ కథకు టిడిమన్‌కు ప్రేరణగా నిలిచిందని చెప్పేది 1964లో న్యూయార్క్‌లో జరిగిన ఒక యువతి హత్య. 38 మంది ఇరుగుపొరుగు చూస్తూ ఊరుకున్నారని అప్పటి పత్రికలు రాశాయి. ఆ వార్తలో చాలా అతిశయోక్తి ఉందని తర్వాత తేలినా, ఆ రోజుల్లో అది అమెరికా మనసును గాయపరిచింది. సినిమా పరంగా చూస్తే ఇది 1952 నాటి ‘హై నూన్’కు కొనసాగింపు. అందులో ఊరంతా మొహం చాటేసినా మార్షల్ గెలిచి, తన హోదా బిళ్లను మట్టిలో పారేసి భార్యతో వెళ్లిపోతాడు. ఆ మార్షల్ గెలవకపోయి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన నుంచే తన సినిమా పుట్టిందని ఈస్ట్‌వుడ్ వివరించాడు. అమెరికా పడమటి ప్రాంతాన్ని నిర్మించినవాళ్లు ఇలాంటివాళ్లు కారని నిరసిస్తూ కౌబాయ్ సినిమాల ప్రసిద్ధ నటుడు జాన్ వేన్ తనకు ఉత్తరం రాశాడని కూడా ఆయనే చెప్పాడు. ‘హై నూన్’ కూడా నచ్చని వేన్‌కు ఇది నచ్చకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆయన ఆక్షేపణ సినిమా మర్మాన్ని సరిగ్గానే పట్టుకుంది: ఇక్కడ ఊరు కాపాడుకోదగినది కాదు.

అయితే ఈ సినిమాను మెచ్చుకునేవారు దాటవేయకూడని ఒక దృశ్యముంది. ఊళ్లోకి వచ్చిన కాసేపటికే ఆగంతకుడు, తనను తిట్టి రెచ్చగొట్టిన కాలీ అనే స్త్రీని పశువులశాలలోకి లాక్కుపోయి బలాత్కరిస్తాడు. మార్షల్ హత్యను చూస్తూ ఊరుకున్నవాళ్లలో ఆమె కూడా ఉందన్నది కథాపరమైన సమర్థన. ప్రతీకారానికి వచ్చిన శక్తి మంచిచెడులకు అతీతమైనదన్నది కొందరు విమర్శకుల సమర్థన. రెండూ నిలవవు. ఊళ్లోని మగవాళ్లకు పడిన శిక్ష అవమానం, ఆస్తి నష్టం, మరణం. స్త్రీకి మాత్రం ఆమె శరీరం మీద శిక్ష వేసి, ఆమె లోలోపల దాన్ని ఇష్టపడినట్టు సూచించి, తర్వాత ఆమె కోపాన్ని పరిహాసానికి వదిలేయడం దర్శకుడి చూపులోని లోపమే గాని పాత్ర స్వభావం కాదు. ఆగంతకుడికి ఏ నియమమూ వర్తించదన్న స్వేచ్ఛే ఈ పాత్రలో ప్రేక్షకుడిని లాగే గుణం. ఆ స్వేచ్ఛకు మూల్యం ఎవరు చెల్లిస్తారన్నది కూడా ఆ దృశ్యంలోనే బయటపడుతుంది.

తెలుగు ప్రేక్షకుడికి మారువేషంలో వచ్చే వీరుడు బాగా పరిచితుడు. విరాటపర్వం చదివిస్తే వానలు పడతాయని నమ్మిన నేల మనది. జమ్మిచెట్టు మీద ఆయుధాలు దాచి విరాటుడి కొలువులో చేరిన పాండవులు ఆగంతకులే. నిండుకొలువులో కీచకుడు ద్రౌపదిని తన్నినప్పుడు విరాటుడు నోరు మెదపని ఘట్టంలో, చూస్తూ ఊరుకున్న లాగో ఛాయ కూడా ఉంది. కానీ బృహన్నల అర్జునుడని మనకు మొదటి నుంచీ తెలుసు. ఊరికి తెలియదు, మనకు తెలుసు అన్న ఆనందమే ‘నర్తనశాల’ను నడిపించింది. మన వాణిజ్య సినిమా ఆ సూత్రాన్ని కొద్దిగా మార్చుకుంది: బి. గోపాల్ దర్శకత్వంలో వచ్చిన ‘సమరసింహారెడ్డి’ (1999), ‘ఇంద్ర’ (2002) సినిమాల్లో కథానాయకుడు పనివాడిగానో టాక్సీ డ్రైవరుగానో పరాయిచోట బతుకుతూ కనిపిస్తాడు, ఫ్లాష్‌బ్యాక్‌లో అతడి అసలు పేరు, సీమలోని ఊరు, వంశం, త్యాగం అన్నీ వివరంగా బయటికి వస్తాయి. రహస్యం అక్కడ కీర్తికి ముందుమాట. 1971లో కృష్ణ కథానాయకుడిగా, ఆరుద్ర రచనతో, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’ లియోనీ సినిమాల టోపీని, గుర్రాన్ని, ఎడారిని రాజస్థాన్‌కు తీసుకువచ్చి ఘనవిజయం సాధించింది గాని, పేరులేనితనాన్ని తీసుకురాలేదు. కృష్ణ పాత్రకు పేరూ ఉంది, పగకు కారణమూ ఉంది. దీన్ని లోపమనడం సరికాదు. వీరుడి చరిత్ర తెలుసుకుని గర్వపడడం మన కథా సంప్రదాయం ఇచ్చే తృప్తి. ‘హై ప్లెయిన్స్ డ్రిఫ్టర్’ ఆ తృప్తిని ఇవ్వడానికి నిరాకరిస్తుంది.

ఆ నిరాకరణను ఈస్ట్‌వుడ్ కూడా ఎల్లకాలం కొనసాగించలేదు. 1985 నాటి ‘పేల్ రైడర్’లో మళ్లీ ఒక పేరులేని మనిషి వస్తాడు, కానీ అక్కడి బంగారపు కార్మికులు మంచివాళ్లు, కాబట్టి అతడు రక్షకుడిగా మారిపోయాడు, అంత మేరకు అతడిలోని భయం కూడా తగ్గింది. 1992లో వచ్చి, ఉత్తమ చిత్రంగా, ఉత్తమ దర్శకత్వానికి ఆస్కార్లు అందుకున్న ‘అన్‌ఫర్‌గివెన్’ను ఆయన లియోనీకి, తన మరో గురువు డాన్ సీగెల్‌కు అంకితమిచ్చాడు. అందులో కథానాయకుడు విలియం మనీ పేరు వినగానే మనుషులు వణుకుతారు. ఎవరెవరిని చంపాడో అందరికీ తెలుసు, ఆ హత్యల బరువును మోస్తూ ముసలివాడైన మనిషి కథ అది. మనీ తన నేరాలను తానే ఒప్పుకోగలడు, ఎందుకంటే అవి అతడివి. లాగోకు వచ్చినవాడి దగ్గర ఒప్పుకోవడానికి ఏమీ లేదు. అతడి గతమంతా ఆ ఊరివాళ్ల దగ్గరే ఉంది.